దోర్కమ్మ గుప్పెడు

తీతుకి అన్నం సహించడం లేదు.

ఇదీ ఒక కష్టమేనా అని తీసిపారెయ్యకండి. జ్వరమొస్తే మాత్ర ఉంటుంది, దిగులేస్తే కీర్తన ఉంటుంది. కంచం ముందు కూర్చోగానే గొంతు మూసుకుపోతే దేనితో తెరుస్తారు? అందులోనూ అది దేవుడి పేరున వచ్చిన అన్నం. పైకి చెప్పుకుంటే పాపం, చెప్పుకోకపోతే ఆకలి. కుర్రాడు నలిగిపోతున్నాడు పాపం.

పట్నంలో బైబిలు స్కూలు చదువు ముగించాక, పరిచర్య అంటే ఏమిటో దగ్గరుండి నేర్చుకోమని పెద్దలు అతన్ని గోదావరి నడుమ ఉన్న కాకరలంకకి పంపారు. అక్కడ జెకర్యా అయ్యగారని ముసలి పాస్టరుగారు. తాటాకు గుడి, దాని పక్కనే ఒంటిగది పాక. ఆయనకి పెళ్ళీ పెటాకులూ లేవు. ఆస్తి అంటే ఒక బైబిలు, రెండు పంచెలు, ఒక గొడుగు. ఆ గొడుగు కూడా వానపడే రోజుల్లో ఆయన దగ్గర కనిపించదు, ఎవరింట్లోనో ఉంటుంది.

అది చలికాలం. పొద్దున్నే మంచు దిగిందంటే లంక నీళ్ళ మీద ఉందో గాల్లో ఉందో తెలిసేది కాదు. రేవులో పడవ కనపడదు, పడవవాడి దగ్గు వినపడుతుంది. ఎదురుగా వచ్చే మనిషి ముందు మాటగా వచ్చి, తర్వాత మనిషిగా వచ్చేవాడు. తీతుకి మొదటి నెలంతా నిద్రలో నడుస్తున్నట్టే గడిచింది. కంచం దగ్గర మాత్రం ఠక్కున మెలకువ వచ్చేసేది.

ఎందుకంటారా? అది గుప్పెడు బియ్యం అన్నం మరి.

సంఘంలో ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కన ఒక చిన్న ముంత ఉంటుంది. ఇల్లాలు ఎసరు పెట్టి, వండబోయే బియ్యం కొలిచి, కడగబోయే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి "ప్రభువా" అనుకుంటూ ఆ ముంతలో వేస్తుంది. పూటపూటకీ అంతే. ఆదివారం నాడు ఆ బియ్యం మూటకట్టి తెచ్చి గుళ్ళో గంపలో పోస్తుంది. ఆ గంపే అయ్యగారి వారం భోజనం.

బాగానే ఉంది. కానీ లంక ఇసక నేలలో వరి పండదు. పొగాకు, పుచ్చకాయ, మొక్కజొన్న, అంతే. ఆడవాళ్ళు రేవు దాటి అవతలి ఊళ్ళకి ఊడ్పులకీ కోతలకీ పోయి, కూలి కింద ఏ రైతు ఏ ధాన్యం కొలిస్తే అదే తెచ్చుకుంటారు. ఒకరింట లావుపాటి దుడ్డుబియ్యం, ఒకరింట ఎర్రబియ్యం, ఇంకొకరింట ఉప్పుడు బియ్యం, చేతిలో ఏమీ లేనివాళ్ళింట ఉత్త నూకలు. అన్నీ వచ్చి ఒకే గంపలో పడతాయి, ఒకే కుండలో ఉడుకుతాయి. ఉడుకుతాయంటే ఏదో మాట. కొత్తబియ్యం గంజిలో కరిగిపోయేసరికి పాతబియ్యం ఇంకా ఒళ్ళు విరుచుకుంటూ ఉండేది.

"అయ్యగారూ, ఇది అన్నమాండీ, తగువాండీ?" అన్నాడు తీతు ఒకరోజు, ఉండబట్టలేక.

అయ్యగారు పడీపడీ నవ్వారు. "మా సంఘమూ ఇంతే నాయనా. తిను, అలవాటైపోతుంది" అన్నారు.

అలవాటు కాలేదు. పైగా అయ్యగారి తీరు చూస్తే ఇంకా ఒళ్ళు మండేది. అన్నం వడ్డించాక ఆయన తొందరగా తినరు. కంచంలోకి వంగి, వేలితో మెతుకుల్ని అటూ ఇటూ జరుపుతూ, పెదాలు కదుపుతూ చాలాసేపు అలా కూర్చుంటారు. ముసలాయన రాళ్ళు ఏరుకుంటున్నాడనుకునేవాడు తీతు. రాళ్ళున్న మాటా నిజమే.

ఇలా ఉండగా దేవుడు దారి చూపించాడు. దేవుడే చూపించాడని తీతు నమ్మకం. పట్నం నుంచి ఒక పెద్ద సంఘంవాళ్ళు లంక చూడ్డానికి పడవ కట్టించుకుని వచ్చారు. తీతు పాట పాడాడు, వాక్యం చెప్పాడు. వాళ్ళ మనసు కరిగింది. ఇంత పేద సంఘం మీద సేవకులు ఆధారపడటం ఏమిటి, నెలనెలా బస్తా బియ్యం మేం పంపుతాం అన్నారు. అన్నట్టే పంపారు. సన్నబియ్యం. మూతి విప్పితే మల్లెమొగ్గలు పోసినట్టుంది. తీతు బస్తాలో చెయ్యి పెట్టి, తియ్యబుద్ధి కాక అలాగే కాసేపు ఉంచేశాడు.

బస్తా వచ్చినప్పుడు అయ్యగారు ఊళ్ళో లేరు. కింది లంకల్లో ఉన్న చిన్న చిన్న సంఘాల్ని పలకరించడానికి వెళ్ళారు. ఆ ఆదివారం ఆరాధన తీతుదే.

పౌలు భక్తుడు తన చేతులతో తాను కష్టపడి, ఎవరికీ బరువు కాకుండా సువార్త చెప్పాడని తీతు ఆ రోజు వాక్యం చెప్పాడు. బాగా చెప్పాడు. చివరికి గంపని పక్కకి జరిపి అన్నాడు: "అమ్మలారా, ఇకమీదట మీరు గుప్పెడు తియ్యక్కర్లేదు. మీ కష్టం మీ పిల్లలే తినాలి. అయ్యగారికీ నాకూ దేవుడు పట్నం నుంచి బియ్యం పంపించాడు. మీ బరువు దిగిపోయిందమ్మా."

ఆ మాట అంటుంటే అతని కళ్ళు చెమర్చాయి. అబద్ధమెందుకు, ప్రేమతోనే అన్నాడు. అందులో కాస్త ఆ అన్నం మీద కసి కూడా ఉందనుకోండి.

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అలాగేనండి" అంది ఎవరో వెనకనుంచి. ముందు చాపమీద కూర్చున్న దోర్కమ్మ మాత్రం ఒళ్ళో ఉన్న మూట మీద చెయ్యి పెట్టి అడిగింది.

"మరి ఇది బాబూ? తెచ్చేశానే."

"తీసుకెళ్ళిపోండి మామ్మా. మీరే వండుకోండి" అన్నాడు తీతు నవ్వుతూ.

ఆవిడ విప్పబోయిన ముడిని మళ్ళీ బిగించి కట్టుకుంది. తీతు అప్పటికే ముగింపు కీర్తన ఎత్తుకున్నాడు.

దోర్కమ్మ ఎవరో చెప్పలేదు కదూ. పెనిమిటి పోయి ఏళ్ళయింది, పిల్లాజెల్లా లేరు. ఇప్పుడు ఊడ్పులకి పోలేదు గానీ తాటాకు బుట్టలల్లి, ఇచ్చినవాళ్ళిచ్చిన గింజలు తెచ్చుకుంటుంది. జెకర్యా అయ్యగారు కుర్రతనంలో సంచీ భుజాన వేసుకుని ఈ లంకలో దిగిన రోజున ఎవరూ గుమ్మం ఎక్కనివ్వకపోతే, మొట్టమొదట ఆకు వేసి అన్నం పెట్టింది ఆవిడే. తర్వాత వరదలొచ్చాయి, గుడి కొట్టుకుపోయింది, సగం మంది సంఘం వదిలి వెళ్ళారు, మళ్ళీ వచ్చారు. దోర్కమ్మ గుప్పెడు మాత్రం ఒక్క వారమూ తప్పలేదు.

శనివారం పొద్దున్నే అయ్యగారు తిరిగొచ్చారు. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. తీతు ఉత్సాహం పట్టలేక, ఆయన కాళ్ళు కడుక్కునేలోపే వడ్డించేశాడు. తెల్లటి అన్నం, మెతుక్కి మెతుకు అంటకుండా. అయ్యగారు కంచంలోకి వంగారు. అలవాటు కొద్దీ వేలితో మెతుకుల్ని ఇటు జరిపారు, అటు జరిపారు. ఆగిపోయారు.

"ఇది ఎవరింటిది?" అన్నారు.

తీతు సంగతంతా చెప్పాడు. పట్నం సంఘం గురించీ, బస్తా గురించీ, తాను గంప ఎత్తేసిన సంగతీ. పేదల నోటిదగ్గరి కూడు మనం లాక్కోకూడదు కదండీ అన్నాడు. అయ్యగారు తల ఊపారు.

"మంచి మాటే. పంపినవాళ్ళ పేర్లేంటి?"

"పట్నం సంఘమండి."

"అది సంఘం పేరు. పంపిన మనుషుల పేర్లు?"

"తెలీదండి. వాళ్ళ గుమాస్తా పడవలో వేయించి పంపాడు."

"ఎర్రమెతుకు తగిలితే సుందరమ్మని తలుచుకునేవాణ్ణి" అన్నారు అయ్యగారు, తనలో తను అనుకుంటున్నట్టు. "నూకలెక్కువుంటే పేతురు ఇంట్లో ఈ వారం పని దొరకలేదనుకునేవాణ్ణి. రాళ్ళు ఎక్కువైతే దోర్కమ్మకి చూపు తగ్గుతోందని. ఇందులో ఎవర్ని తలుచుకోవాలో తెలీడం లేదు తీతూ."

తీతు చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ అది రాళ్ళు ఏరుకోవడం అనుకున్నాడు.

అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, నాకు పేరు తెలియని ఆ బిడ్డలందర్నీ చల్లగా చూడు" అని, చక్కగా కలుపుకుని తిన్నారు. వంక పెట్టలేదు. ఇంకో మారు కూడా వడ్డించుకున్నారు. ఒక్క మాట అని ఉంటే తీతుకి హాయిగా ఉండేది. అనలేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ ఏటి ఒడ్డున ఇసకలో కూర్చున్నారు. నీళ్ళ మీద మంచు మళ్ళీ పొరలు పొరలుగా లేస్తోంది. అవతలి ఒడ్డు కాసేపు కనిపించి కాసేపు మాయమవుతోంది.

"దావీదు అడవులు పట్టుకు తిరిగిన రోజుల్లో, చేతికి దోపుడు సొమ్ము రాగానే తాను తిరిగిన ఊళ్ళకి వాటాలు పంపాడు. ఆ ఊళ్ళు నీకు గుర్తున్నాయా?" అన్నారు అయ్యగారు.

గుర్తుండకేం? దానికే బైబిలు స్కూల్లో బహుమానం కొట్టాడు తీతు. "బేతేలు, యత్తీరు, అరోయేరు, ఎష్తెమో, హోర్మా, హెబ్రోను..." ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేశాడు.

"భేష్. ఆ ఊళ్ళల్లో అతనికి అన్నం పెట్టిందెవరు?"

"వాళ్ళ పేర్లు రాయలేదండి."

"రాయలేదు. దావీదుకి తెలుసు" అన్నారు అయ్యగారు. మంచులోకి చూస్తూ కూర్చున్నారు. నీళ్ళు ఇసకని తాకి వెనక్కి పోతున్నాయి.

మర్నాడు ఆదివారం. చాపలు పరిచి ఉండలేదు. ముందుగా వచ్చి గుడి ఊడ్చి చాపలు పరిచేది దోర్కమ్మే. ఆరాధన మొదలైనా ఆవిడ రాలేదు, ముగిసినా రాలేదు. ఒంట్లో బాగాలేదేమోనని తీతు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాడు.

తలుపు వారగా తెరిచి ఉంది. దోర్కమ్మ గోడకి జారబడి కూర్చుంది. సగం అల్లిన బుట్ట ఒళ్ళో ఉంది, చేతులు కదలడం లేదు. ఒక్క వారంలో మనిషి సగమైంది. పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది. సామెతకి కాదు, నిజంగానే, బూడిదలో ముడుచుకుని నిద్రపోతోంది.

"మామ్మా! ఏమైంది? వండుకోలేదా?"

"రండి బాబూ, కూర్చోండి. నాకేమవుద్ది? బానే ఉన్నా." ఆవిడ లేవబోయి మళ్ళీ కూర్చుంది. "పక్కింటి పిల్ల పొద్దున టీ తెచ్చిచ్చింది."

"నిన్న?"

"నిన్నా ఇచ్చింది."

"అన్నం తిన్నారా అంటున్నాను మామ్మా. బియ్యం లేవా ఇంట్లో?"

"ఉన్నాయి బాబూ. కుండెడు ఉన్నాయి." ఆవిడ కాస్త సిగ్గుపడుతున్నట్టు నవ్వింది. "ఒక్క ప్రాణానికి పొయ్యి రాజెయ్యడమేంటని బద్ధకమేస్తంది. ఇదివరకూ అంతే గానీ, అయ్యగారి గుప్పెడు తియ్యాలి గదా అని లేచేదాన్ని. వండకపోతే తియ్యడం కుదరదు గదా. ఎలాగూ ఎసరు పెట్టాను గదా అని నేనూ ఇంత తినేదాన్ని. ఇప్పుడేమో మీరు అక్కర్లేదన్నారాయె."

తీతు చల్లారిన పొయ్యి వంక చూశాడు.

"మిమ్మల్ని తప్పుబట్టడం లేదు బాబూ" అంది ఆవిడ తొందరగా. "సన్నబియ్యం వచ్చాయంట గదా. అయ్యగారికి పళ్ళు లేవు, మెత్తగా ఉంటాయి. మంచిదే."

తీతు పైకి చూశాడు. వాసానికి పోయిన ఆదివారం నాటి మూట వేలాడుతోంది. ముడి వేసింది వేసినట్టే ఉంది. దానికి చీమలు బారు కట్టాయి.

"అదైనా వండుకోవలసింది మామ్మా."

"ప్రభువు పేరు చెప్పి తీసింది నా నోట్లో ఎలా పెట్టుకోను?" అంది దోర్కమ్మ. ఈసారి నవ్వలేదు.

తీతు ఒక్క పరుగున పాకకి వచ్చాడు. అయ్యగారు అక్కడ లేరు. ఎవరో జబ్బుమనిషిని చూడ్డానికి వెళ్ళారు. తన వల్ల ఒక ముసలిప్రాణం ఆకలితో ఎండిపోతోందన్న మాట అతని గుండెల్లో కొట్టుకుంటోంది. బస్తాలోంచి పెద్ద మూటెడు సన్నబియ్యం కట్టి, నెత్తిన పెట్టుకుని మళ్ళీ వెళ్ళాడు. గుమ్మంలో దింపి, "మామ్మా, ఇవి మీకు. నేనే వండి పెడతాను, తినండి" అన్నాడు.

దోర్కమ్మ ఆ మూట వంకా, అతని వంకా చూసింది. ఆ కళ్ళల్లో అంత కోపం ఉండగలదని తీతుకి తెలీదు.

"నాకు ముష్టి తెచ్చారా బాబూ?"

"అయ్యో, ముష్టి కాదు మామ్మా..."

"పెట్టిన చెయ్యిది. చాపే చెయ్యి కాదు." అంది ఆవిడ. "ఇన్నేళ్ళు పెట్టించుకుని, నీది అక్కర్లేదు, మాదే తిను అంటారా? ఏం పాపం చేశాను? తీసుకెళ్ళండి. పుణ్యముంటుంది, తీసుకెళ్ళిపోండి." కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

తీతు మూట నెత్తికెత్తుకుని తిరిగొచ్చాడు. అంత బరువు అతను జన్మలో మొయ్యలేదు.

అయ్యగారు అప్పుడే వచ్చి అరుగు మీద కూర్చున్నారు. తీతు ఆయన కాళ్ళ దగ్గర కూలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు, ముష్టి అన్న మాటతో సహా. చెప్తూ చెప్తూ తనూ ఏడ్చాడు. "నా వల్లే అయ్యగారూ. బరువు దించుతున్నాననుకున్నాను. ఆమె చచ్చిపోతుందండి. నేనేం చెయ్యాలో చెప్పండి."

అయ్యగారి మొహం పాలిపోయింది. ఇప్పుడు చెప్తారు, నాలుగు చీవాట్లు పెడతారు అని తీతు ఎదురుచూశాడు. నిజం చెప్పాలంటే ఆశపడ్డాడు.

"ముందు పక్కింటి పిల్లతో చెప్పి ఆవిడ చేత కాసిని గంజినీళ్ళు తాగించు. ఆ పిల్ల ఇస్తే తాగుతుంది" అన్నారు అయ్యగారు. "అదయ్యాక వచ్చి ఎసరు పెట్టు."

తీతు అలాగే చేశాడు. తిరిగొచ్చి పొయ్యి వెలిగించి, బస్తాలోంచి బియ్యం కొలిచాడు. కడగడానికి నీళ్ళు వంచబోతుంటే అయ్యగారు చెయ్యి అడ్డం పెట్టారు. కుండలోకి వంగి ఒక గుప్పెడు బియ్యం తీశారు. భుజం మీది కండువా అంచులో పోసి ముడివేసుకున్నారు.

"ఎవరికండీ?" అన్నాడు తీతు.

"అదే తెలీదు" అన్నారు అయ్యగారు.

పొద్దున్నే బయల్దేరారు. ఆ రోజు మంచు ఎన్నడూ లేనంత దట్టంగా ఉంది. గుడి కనపడలేదు, పాకలు కనపడలేదు, ముందు నడిచే అయ్యగారి తెల్లపంచె కూడా ఒక్కోసారి మంచులో కలిసిపోయేది. పాకల్లోంచి దగ్గులు, చంటిపిల్లల ఏడుపులు, ఎక్కడో కోడికూత. కొబ్బరాకుల మీంచి నీళ్ళు బొట్లు బొట్లుగా ఇసకలో పడుతున్నాయి. ఈ దారి ఇలాగే సాగిపోతే బావుండు, ఆ గుమ్మం రాకుండా ఉంటే బావుండు అనుకుంటూ నడిచాడు తీతు. ఆవిడ కోపం చూడాలంటే భయం. ఆవిడ కోప్పడలేనంత నీరసపడిపోయి ఉంటే? అది ఇంకా భయం.

"దోర్కమ్మా! ఉన్నావా తల్లీ?"

లోపల చాప చప్పుడైంది. ఆవిడ గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "అయ్యగారూ! ఈ మంచులో వచ్చారేంటండీ? వందనాలు. కబురంపితే నేనే వచ్చేదాన్నిగా."

వచ్చే ఓపిక ఆవిడకి లేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"పెద్ద చిక్కొచ్చిపడింది దోర్కమ్మా" అంటూ అయ్యగారు అరుగు మీద చతికిలబడ్డారు. "నిన్న వండేటప్పుడు గుప్పెడు తీశాను." కండువా అంచు చూపించారు. "ఎందుకు తీశానో మరి. తీశాక ఎక్కడ పొయ్యాలో తోచలేదు. మా గుళ్ళో గంప ఎత్తేశారంట."

తీతు తలొంచుకున్నాడు.

"మళ్ళీ కుండలో పోసెయ్యలేకపోయారా?" అంది దోర్కమ్మ.

"చెయ్యి రాలేదు."

దోర్కమ్మ వాసానికి వేలాడుతున్న మూట వైపు ఒకసారి చూసి, చూపు తిప్పేసుకుంది.

"రాత్రంతా పక్కనే పెట్టుకు పడుకున్నాను" అన్నారు అయ్యగారు. "నిద్ర పట్టలేదు తల్లీ. పుచ్చుకునేవాళ్ళు లేని గుప్పెడు ఇంత బరువుంటుందని నాకు తెలీదు. ఇన్నేళ్ళు పుచ్చుకోవడమే గానీ తియ్యడం నాకు అలవాటు లేదుగా. నీకు అలవాటు. నువ్వే ఏదో ఒక దారి చెప్పాలి."

ఆవిడ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. ఆటపట్టిస్తున్నారా అన్నట్టు చూసింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు కనపడ్డాయి.

"మీకూ పట్టలేదా నిద్ర?" అంది మెల్లిగా.

"లేదమ్మా."

"హమ్మయ్య" అంది దోర్కమ్మ. ఆ మాట ఎందుకందో, అన్నాక ఆవిడకే నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళొత్తుకుంది. "నాకొక్కదానికే పిచ్చెత్తిందేమో అనుకుంటన్నా అయ్యగారూ."

ఆవిడ గోడ వదిలిపెట్టి నిలబడింది. "మంచులో పడి వచ్చారు, ఊరికే పంపుతానా? ఉండండి" అంటూ లోపలికి నడిచింది. పిల్లిని అదిలించింది. పక్కింటి పిల్లని కేకేసి నిప్పు తెప్పించింది. తాటాకు మట్టలు విరిచి పొయ్యిలో పెట్టి, కూర్చుని ఊదింది. ఊదితే దగ్గొచ్చింది. తీతు సాయం చెయ్యబోతే అయ్యగారు అతని మోచెయ్యి పట్టుకుని ఆపేశారు.

పొగ ముందు గదంతా కమ్మి, తర్వాత తాటాకు సందుల్లోంచి బయటికి పోయి మంచులో కలిసింది. ఏది పొగో ఏది మంచో తెలియని ఆ తెల్లటి వెలుగులో దోర్కమ్మ ఎసరు పెట్టింది. కుండలోంచి తన బియ్యం తీసి చేటలో పోసింది. అయ్యగారి ముందుకొచ్చి చేట పట్టింది. ఆయన కండువా ముడి విప్పి తన గుప్పెడు అందులో పోశారు. ముతకబియ్యంలో సన్నబియ్యం పడ్డాయి. ఆవిడ రెండిటినీ చేత్తో కలిపింది, చెరిగింది, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని రాళ్ళు వెతికింది.

ఎసరు కాగింది. ఆవిడ చేట పట్టుకుని నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళబోయి ఆగింది.

ఆవిడ కుడిచెయ్యి తనంతట తనే చేటలోకి వెళ్ళింది. గుప్పెడు బియ్యం తీసింది. ఆ గుప్పిట అలా గాల్లో ఉండిపోయింది. పొయ్యి పక్కన ఉండవలసిన ముంత గూట్లో బోర్లించి ఉంది. ఆవిడ ముంత వంక చూసింది, అయ్యగారి వంక చూసింది. అయ్యగారు తనకేమీ పట్టనట్టు ఏటివైపు తిరిగి కూర్చున్నారు.

ఆవిడ తీతు వైపు చూసింది.

నిన్న ఇదే గుమ్మంలో మూట దింపినవాడు, ఇప్పుడు ముందుకు జరిగి, బెరుకుగా ఒక చెయ్యి చాపాడు.

"ఒక చెయ్యి చాలదురా తీతూ" అన్నారు అయ్యగారు, వెనక్కి తిరక్కుండానే. "రెండూ పట్టు."

తీతు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ దోసిలి పట్టాడు. దోర్కమ్మ "ప్రభువా" అంటూ గుప్పిట విప్పింది. ఆవిడ అరచేతి వెచ్చదనం ఇంకా ఆ గింజలకి అంటుకునే ఉంది. కృతజ్ఞత మీద ఎన్ని వాక్యాలు నేర్చుకున్నాడో, ఒక్కటంటే ఒక్కటీ అతనికి గుర్తు రాలేదు.

"ఒలకబొయ్యకండి బాబూ" అంది దోర్కమ్మ కాస్త కసురుకుంటున్నట్టు. చేట ఎత్తుకుని పొయ్యి దగ్గరికి వెళ్తూ, తిరిగి చూసి అంది: "సాయంత్రం కూడా వండుతాను. మళ్ళీ రండి."

"వస్తాను మామ్మా" అన్నాడు తీతు.